సీటు ఒక మూర

బజారిని ఆదోనిలో సగం మంది ‘మద్దికెరన్నా’ అని పిలుస్తారు. బజారిది మద్దికెర కాదు, గోనెగండ్ల. మద్దికెరలో ఆయన అడుగు పెట్టింది రెండంటే రెండుసార్లు, అదీ ఎవరివో పెండ్లిళ్లకు. షాపు మొదట పెట్టిన పెద్దాయన మద్దికెర నుంచి వచ్చినవాడు కాబట్టి బోర్డు మీద ‘మద్దికెర సైకిల్ షాపు’ అని రాయించుకున్నాడు. పెద్దాయన పోయాడు, ఆయన దగ్గర పని నేర్చుకున్న బజారి మిగిలాడు, బోర్డూ మిగిలింది. రంగు వెలిసినప్పుడల్లా పెయింటరు వచ్చి ఆ పాత అక్షరాల మీదే కుంచె తిప్పి పోతాడు.

“ఈసారన్నా నీ పేరు రాయించుకోరాదా?” అని భార్య హులిగెమ్మ అడిగితే, “బోర్డు మారిస్తే గిరాకీ దారి తప్పుతాది” అంటాడు బజారి. అంటాడు గానీ, ఆశ లేక కాదు. అరవై రెండేళ్లు వచ్చాయి. రేషను కార్డు మీద, పెండ్లి పత్రిక మీద తప్ప తన పేరు అచ్చులో ఎక్కడా చూసుకోలేదు.

అట్లాంటి మనిషి దగ్గరికి ఈ వేసవిలో ఒక పొద్దున శ్రీధర్ వచ్చాడు. శ్రీధర్ అంటే పత్తి వ్యాపారి దామోదరం కొడుకు. తండ్రి పోయాక పత్తి చూసుకుంటూనే, పక్కన పిల్లల సైకిళ్ల షాపు ఒకటి తెరిచాడు.

“బజారన్నా, నీ కొమ్ముల సైకిలుకు మల్లా జీవం పోద్దాం.”

“యాడుందప్పా అది? ఎప్పుడో పాత ఇనుములో పోయింటాది.”

“మా గోడౌన్లో ఉండాది. పత్తి మూటల ఎనక. మా అక్క సైకిలే. సీటు ఎలకలు కొరికేసినాయి గానీ తక్కినదంతా గట్టిగా ఉంది. మా పాప సంయుక్త దాన్ని చూసి ఇంటికి రానంటాంది.” శ్రీధర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “యాభై చేయిస్తా. సీట్లు పాతకాలంలో మాదిరే ఎమ్మిగనూరు లక్ష్మప్ప దగ్గర. చైను కవరు మీద ‘బజారి మోడల్’ అని వేస్తా.”

బజారి అప్పుడు ఒక నట్టు బిగిస్తున్నాడు. అది బిగిసిపోయింది. ఇంకా బిగించాడు. మర పోయింది.

“నా పేరా?”

“నీదే. ఇంకెవరిది? ఒక్కటే, ఈ సైకిలు ఎట్ల పుట్టిందో నువ్వు చెప్పాల. చిన్న కరపత్రం వేస్తా. ఈ కాలం అమ్మానాయనలు కథ లేకుండా ఏదీ కొనరన్నా.” అని ఫోను తీసి, రికార్డు నొక్కి, రెంచీల పక్కన పెట్టాడు.

బజారి గొంతు సవరించుకున్నాడు. ఫోనులో మాట్లాడ్డం అలవాటే గానీ, ఫోనుతో మాట్లాడ్డం ఇదే మొదలు. కొంచెం సేపు దాన్నే చూసి, తర్వాత దాన్ని మరిచిపోయి శ్రీధర్‌కే చెప్పాడు.

అది తొంభై ఏడో సంవత్సరం. అప్పుడు పిల్లలకు పిల్లల సైకిలు అనేది ఊళ్లో పెద్దగా లేదు. గంటకింత అని అద్దెకు తెచ్చుకున్న పెద్ద సైకిలే. సీటు అందక, నడిమి బారు కింద నుంచి కాలు దూర్చి, ఒంటి చంకలో సీటు ఇరికించుకుని, ఒళ్లంతా వంకర తిప్పి తొక్కేవాళ్లు. ఆడపిల్లలకు అదీ లేదు. లంగా చైనులో పడితే ఇంట్లో రెండు దెబ్బలు, చైను ఊడితే షాపులో నాలుగు తిట్లు. అప్పుడు దామోదరం వచ్చి, పాప గాయత్రికి తొమ్మిదో పుట్టినరోజు, సైకిలు కావాలన్నాడు. మూడు షరతులు పెట్టాడు. పాప కాళ్లు నేలకు ఆనాల. లంగా యాడా ఇరుక్కోకూడదు. అట్లాంటి సైకిలు ఆదోనిలో ఇంకెవరి దగ్గరా ఉండకూడదు.

“మూడోది శానా సులువు,” అన్నాడు బజారి. “అట్లాంటిది ఉంటే గదా, ఇంకొకరి దగ్గర ఉండేకి!”

కాళ్లు ఆనాలంటే చక్రాలు చిన్నవి పెట్టాలి. పాత లేడీస్ సైకిలు ఫ్రేము కోసి, పొట్టి చేసి, ఇరవై అంగుళాల చక్రాలు పెట్టాడు. కాళ్లు ఆనాయి. కానీ తొక్కబోతే మోకాళ్లు పోయి హ్యాండిల్‌కు కొట్టుకున్నాయి. సరే, హ్యాండిల్ పైకి లేపాలి. లేపాలంటే పైపు వంచాలి. ఉత్త పైపు వంచితే నొక్కుకుపోతుంది. అందుకని లోపల ఇసుక కూరి, రెండు మొనలూ కట్టెతో బిగించి, కొలిమిలో కాల్చి, ఎడ్లబండి చక్రానికి ఆనించి వంచాడు. మొదటిసారి ఒక పక్క ఎక్కువ వంగింది. రెండోసారి రెండో పక్క. మూడోసారికి చూస్తే ఏముంది, ఎమ్మిగనూరు జాతరలో అమ్మకానికి నిలబెట్టిన ఎద్దు కొమ్ముల మాదిరి వచ్చింది. దాన్ని అట్లే వదిలేశాడు. చైనుకు శెనక్కాయ నూనె డబ్బా రేకు కోసి, నిండా మూత చేశాడు. పిల్లలు చూసిన మొదటి రోజే ‘కొమ్ముల సైకిల్’ అని పేరు పెట్టేశారు. రెండేళ్లలో పత్తికొండ, ఆలూరు, ఎమ్మిగనూరు, ఎక్కడ చూసినా అదే. కొమ్ములు అందరికీ తెలుసు. బజారి ఎవరికీ తెలీదు.

“ఇంక సీటు,” అన్నాడు శ్రీధర్, ఫోను ఆపుతూ. “అది నాకు తెలుసులే అన్నా. మా అక్క ఎనక నేను కూచోవాలనే గదా అంత పొడుగు పెట్టినావు. మా నాయన ఎన్నిసార్లు చెప్పేవాడో. ఇప్పటికీ అక్క బళ్లారి నుంచి ఫోను చేస్తే ఆ సీటు మాట రాకుండా ఉండదు. అంత చిన్నపిల్లోడి గురించి కూడా ఆలోచించినాడు సూడు, అంటా ఉంటాం.”

బజారి, “ఊఁ” అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ల కింద దామోదరం ముందు ఆయన అన్నది కూడా ఇదే “ఊఁ”. దాని వెనకాల ఉన్న సంగతి హులిగెమ్మకు తప్ప ఎవరికీ తెలీదు.

సీటు కొలత తీసే రోజు షాపులో టేపు కనబడలేదు. బజారి అన్నానికి ఇంటికి పోయాడు. హులిగెమ్మ అప్పుడూ ఇప్పుడూ పూలమ్ముతుంది. గడప పక్కన కూర్చుని కనకాంబరాల మాల కొలుస్తోంది. తొమ్మిదేళ్ల పిల్లకు సీటు ఎంత ఉండాలో బజారి మనసులో ఒక అంచనా ఉంది. చేతులతో గాలిలో చూపించాడు. హులిగెమ్మ తన చెయ్యి పక్కన పెట్టి, “మూర. సరిగ్గా మూర” అంది. ఆయన ‘సీటు ఒక మూర, రెగ్జిను నీలం’ అని చీటీ రాసి, బస్సు డ్రైవరు చేతికిచ్చి ఎమ్మిగనూరు పంపించాడు.

పూలమ్మే ఆడవాళ్ల మూర సంగతి తెలిసిందే. మోచేతి దగ్గర మొదలవుతుంది, వేళ్లదాకా రాకుండానే మడత పడుతుంది. హులిగెమ్మది పన్నెండున్నర అంగుళాలు. ఇక ఎమ్మిగనూరులో చీటీ అందుకున్న లక్ష్మప్ప సాలెల ఇంటివాడు. మగ్గం ఆగిపోయాక సీట్లు కుట్టడం మొదలుపెట్టాడు గానీ చెయ్యి మగ్గం చెయ్యే. నేత మూర అంటే మోచెయ్యి నుంచి నడిమి వేలి కొసదాకా, ఆ పైన కొన్నవాడు గొణక్కుండా ఇంకో రెండు వేళ్లు. ఆయన మనిషే ఆరడుగులు. బజారి అనుకున్నదానికి రెండు బెత్తెలు ఎక్కువగా, పందొమ్మిది అంగుళాల సీటు సాయంత్రం బస్సులో దిగింది.

తెల్లారితే పుట్టినరోజు. తిప్పి పంపే సమయం లేదు. బిగిస్తే సీటు తోక వెనక చక్రం మీదకు వేలాడుతోంది. బజారి తిట్టుకుంటూ ఒక కమ్మీ వంచి, వెనక ఇరుసు నుంచి సీటు తోకదాకా ఆసరా పెట్టాడు. పొద్దున గాయత్రి వచ్చింది. ఎక్కింది. ఎవరూ చెప్పకుండానే వెనక నుంచి ఐదేళ్ల శ్రీధర్ పాకుతూ ఎక్కి కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. దామోదరం బజారి భుజం తట్టి, “పిల్లోన్ని గూడా మనసులో పెట్టుకున్నావే! బలే ఆలోచనప్పా బజారీ!” అన్నాడు.

బజారి నోరు తెరిచాడు. మూశాడు. “ఊఁ” అన్నాడు. ఆ తర్వాత చేసిన ప్రతి సైకిలుకూ ‘మొన్నటి మాదిరే’ అని చీటీ పంపాడు.

శ్రీధర్ వచ్చి పోయిన ఇరవై రోజులకు నమూనా సైకిలు వచ్చింది. శ్రీధర్ దగ్గర పనిచేసే ఈరేష్ దాన్ని ఆటోలో తెచ్చి దించాడు. వెంట శ్రీధర్ కూతురు సంయుక్త కూడా వచ్చింది. ఏడేళ్ల పిల్ల.

బజారి కండ్లు మొదట చైను కవరు మీదకే పోయాయి. ఎర్రటి అక్షరాలు, పసుపు గీత. బజారి మోడల్. ‘బ’ మీద వేలు పెట్టి చూశాడు. అంటలేదు, ఆరిపోయిన రంగే. అచ్చంగా తన పేరే. అట్లా రెండుసార్లు చదువుకుని, అప్పుడు తల ఎత్తి సైకిలును మొత్తంగా చూశాడు. ఏదో తేడా కొట్టింది. కొమ్ములు బాగున్నాయి. ఫ్రేము బాగుంది. నడిమధ్యలో సీటు మాత్రం, పెద్ద తలపాగా కింద చిన్న మొహం మాదిరి బిక్కుబిక్కుమంటోంది.

సంయుక్త ఎక్కి వీధి చివరిదాకా పోయి వచ్చింది.

“తాతా, దీని మీద నేనొక్కదాన్నే పడతా.”

“పడతావా? యాడ పడినావు? దెబ్బ తగిల్నాదా?” బజారి గాభరాగా బ్రేకు పట్టి చూశాడు.

“పడటం కాదు తాతా! పడతా! నేనొక్కదాన్నే పడతా, ఇంకొకరు పట్టరు. నాయన కథలో ఇద్దరు కదా కూచునేది?”

బజారి ఈరేష్ వైపు తిరిగాడు. “సీటు కొలత యాడ తీసుకున్నావప్పా?”

“మీ ఇంట్లోనే అన్నా. నువ్వు లేవు. సీటు ఎంత అంటే హులిగెమ్మక్క ‘మూర’ అని చెయ్యి చాపింది. టేపు పెట్టినా. పన్నెండున్నర. లక్ష్మప్పకు అంగుళాల్లోనే రాసిచ్చినా, తప్పు రాకూడదని.”

బజారి సైకిలును అక్కడే వదిలి ఇంటికి పోయాడు. హులిగెమ్మ మల్లెమొగ్గలు గుచ్చుతోంది.

“ఎందుకట్ల చేసినావే?”

“ఏం చేసినా? సీటు ఎంత అని అడిగినాడు. నువ్వు ఆ పొద్దు రాసిచ్చింది ఎంత? మూర. ఎవురి మూర? నాది. చెయ్యి చాపినా.”

“నవ్వులాట గాదు హులిగీ.”

“నవ్వులాట గాదనే చాపినా. అది పుట్టిన కాడ నుంచి ఆ సైకిలు నీదే నీదే అని చెప్పుకుంటివి. నువ్వు అనుకున్న సైకిలు నిజ్జంగా ఎట్లుంటాదో ఒకసారి కండ్లతో సూస్తావని.” మొగ్గ ఒకటి దారానికి ఎక్కించి, “ఎట్లుంది?” అంది.

బజారి మళ్లీ షాపుకు వచ్చి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ రోజు టేపు దొరికి ఉంటే, లక్ష్మప్ప చెయ్యి పొట్టిదై ఉంటే, ఆదోని చూసి ఉండేది ఈ సైకిలునే. చూసి, పక్కకు తిరిగి పోయి ఉండేది. మీద పేరుంది గదా, ఆ పేరుకు సరిపోయే సైకిలు ఇదే. పిల్లలు వెంటపడిన ఆ ఇంకొక సైకిలుకు ఆ పేరు ఎట్లా అతుకుతుంది?

మరునాడు ఎమ్మిగనూరు బస్సెక్కాడు. దారి పొడుగునా ఒక మాటను నోట్లో తిప్పుకుంటూ పోయాడు. ‘శ్రీధరప్పా, మా ఆమెకు తెలీక తప్పు కొలత చెప్పింది.’ అంతే. పని అయిపోతుంది. పొడుగు సీటు వస్తుంది, పేరు పేరులా ఉంటుంది, శ్రీధర్ కథ శ్రీధర్‌కు ఉంటుంది. బలే సులువైన మాట. అయితే ఎన్నిసార్లు అనుకున్నా ‘మా ఆమెకు తెలీక’ అనే చోట హులిగెమ్మ మొగ్గ గుచ్చుతూ తలెత్తి చూసినట్టు అనిపించి, మాట తెగిపోతోంది. ఆమెకు తెలీక కాదు. ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

లక్ష్మప్పకు డెబ్బై నాలుగు. నడుము వంగింది గానీ సూది చేతిలోంచి జారలేదు. బజారి మొత్తం చెప్పాడు. చీటీ, మూర, రెండు బెత్తెల ఎక్కువ, దామోదరం, “ఊఁ”. లక్ష్మప్ప అంతా విని కండ్లజోడు తీశాడు.

“అంటే నాది తప్పు కొలతనా?”

“తప్పనలేదన్నా…”

“ఇప్పుడే అంటివి గదప్పా! ఇరవై ఎనిమిదేండ్లు నేను నువ్వు రాసింది రాసినట్ల ఇచ్చినా అనుకుంటాండా. మూర అంటే ఇది!” అని మోచెయ్యి బల్ల మీద ఆనించి చెయ్యి చాపాడు. “పూల మూర ఒక మూరనా? మోచేతి కాడ పుట్టి మణికట్టు కాడ మాయమైతాది. దాన్ని పట్టుకోని సైకిలు చేసేటోన్ని నిన్నే సూసినా!”

“మా ఆమె ముందర ఈ మాట అనద్దన్నా.”

“ఎందుకంటా? నాకు బుర్ర ఉండాది గదా.” కొంచెం సేపు గొణుక్కుని, నవ్వు ఆపుకోలేక భుజాలు ఊపాడు. “అది సరే. పొడుగొచ్చిందని నాకొక మాట పంపింటే ఏమయ్యేది?”

“పొట్టిది పంపింటావు.”

“అదీ నిజమేలే.”

లక్ష్మప్ప స్పాంజి తీసి, తన చెయ్యి పెట్టి గీత గీశాడు. బజారి జేబులోంచి టేపు తీసి, ఆయన చూడకుండా కొలిచాడు. పందొమ్మిది. మనిషి వంగాడు గానీ మూర తగ్గలేదు.

పేపరు చుట్టిన సీటును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని తిరుగు బస్సులో వచ్చాడు. నేరుగా శ్రీధర్ షాపుకు పోయాడు. నమూనా సైకిలు అప్పటికి అక్కడికే చేరింది. ఎవరితో ఏమీ అనకుండా పొట్టి సీటు విప్పి, పొడుగుది బిగించి, కమ్మీ వంచి ఇరుసుకు పెట్టాడు. అంతా చేసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఇక తుడుచుకునేది ఏమీ మిగల్లేదు కాబట్టి చెప్పాడు.

“శ్రీధరప్పా, ఈ సీటు నీ కోసం చేసింది గాదు.”

“మల్ల ఎవరి కోసం?”

“ఎవురి కోసమూ గాదు. కొలత తప్పు పడినాది.”

మొత్తం చెప్పేసరికి శ్రీధర్ ముఖంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. ముప్పై మూడేళ్ల మనిషి, యాభై సైకిళ్లకు ఆర్డరిచ్చిన మనిషి, ఐదేళ్ల పిల్లోడి గొంతుతో అడిగాడు.

“అంటే, నేను ఎక్కుతానని నీకు తెలీదా అన్నా?”

“నువ్వొకడివి ఉండావనే నాకు తెలీదప్పా. ముక్కు కార్చుకుంటా మీ అక్క ఎనకాల వచ్చినావు. జాగా ఉంది. ఎక్కినావు. మీ నాయన నన్ను మెచ్చుకున్నాడు. అబద్ధం నేను చెప్పలా. నిజమూ చెప్పలా. కమ్మీ నాదే, కొమ్ములు నావే. సీటు మాత్రం గాదు. పేరు తీసేస్తానంటే తీసెయ్, నేనేమీ అనుకోను.”

అనుకోను అన్నాడు గానీ, అంటూ చైను కవరు వైపు చూడకుండా ఉండేందుకు గోడ మీద క్యాలెండరును చూశాడు.

శ్రీధర్ ఫోను తీసి బళ్లారిలో ఉన్న అక్కకు కలిపాడు. అందరికీ వినబడేట్టు పెట్టి, సంగతి చెప్పాడు. అటు పక్క గాయత్రి పగలబడి నవ్వింది. నవ్వుతూనే అరిచింది.

“అంటే వాడంతట వాడే ఎక్కినాడా? ఛీ! వాన్ని కూచోబెట్టుకోమని నాయనే అట్ల చేయించినాడనుకోని నేను నోరు మూసుకున్నా! లేకుంటే ఆ పొద్దే ఈపున ఒకటేసి దించేసింటిని! ఐదేండ్లు మోసినా వాన్ని, బజారన్నా! గాడిదంత అయినాక గూడా మోసినా!”

“తప్పే అమ్మా,” అన్నాడు బజారి.

“తప్పే! బంగారట్లా తప్పు! రేయ్ శ్రీధరా, ఆయన పేరు తీసినావంటే సూడు.”

“తీయలేనులే అక్కా. యాభై కవర్లూ అచ్చయిపోయినాయి.” శ్రీధర్ ఫోను పెట్టేసి, కొత్త సీటు మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. తర్వాత ఎవరూ చూడ్డం లేదనుకుని వెనక భాగాన కూర్చున్నాడు. కమ్మీ కిర్రుమంది. “పేరు ఉంటాదన్నా. కథ మాత్రం మార్చి రాస్తా. నువ్వు ఇప్పుడు చెప్పిందే.”

“మొత్తమా? ‘ఊఁ’ గూడానా?”

“అది లేకుంటే కథే లేదు.”

కరపత్రం వచ్చింది. సీటు ముచ్చట చివర్లో ‘ఒక మూర, ఎమ్మిగనూరు కొలత’ అని వేశారు. లక్ష్మప్ప దాన్ని చదివించుకుని, తన పేరుకు ముందు ‘శ్రీ’ లేదని ఒకరోజు అలిగాడు. బజారి తన పేరున్న చోటు చదివింది తక్కువ. ఆ కింద తన తప్పు అచ్చులో ఉండటం మొదట్లో ముల్లులా గుచ్చుకుంది.

మొదటి సైకిలు కొన్నది జొన్నగిరి నుంచి ఇద్దరు కూతుర్లతో వచ్చిన ఒక టీచరమ్మ. చైను కవరు చూసి, “బజారి అంటే మీరేనా?” అని అడిగింది.

“నేనేనమ్మా. కొమ్ములు, చైను కవరు, ఈ కమ్మీ నేను చేసినవే. సీటు మాత్రం తప్పు పడి వచ్చినాది,” అని, ఆమె అడగకముందే మొదలుపెట్టాడు. ఆమె నవ్వింది. పిల్లలు నవ్వారు. బజారికి ఆ నవ్వు బాగుంది. ‘బలే ఆలోచన’ అని ఎవరైనా అన్నప్పుడల్లా తల వంచుకుని ఏదో ఒక నట్టు బిగించేవాడు. ఇప్పుడా అవసరం లేదు.

రెండో గిరాకీకి ఇంకొంచెం బాగా చెప్పాడు. పదో గిరాకీ వచ్చేసరికి, ఆయన కథలో చీటీ తీసుకుపోయిన డ్రైవరు కూడా ఒక మాట మాట్లాడుతున్నాడు, సీటు బస్సు కిటికీ అవతలికి రెండు బెత్తెలు తొంగిచూస్తోంది. అన్నం క్యారియరు తెచ్చిన హులిగెమ్మ షాపు మెట్టు మీద కూర్చుని కథంతా విన్నది. గిరాకీ పోయినాక మూత తీస్తూ అంది.

“ఇంక సాలు సామీ. నీ కతలో ఆ లక్ష్మప్ప చెయ్యి మోకాలి కిందికి దిగింది. రేపు నడిచేకి అడ్డమొస్తాది.”